నల్ల అట్టల మాస్టారు

స్టూడియో మెట్ల పక్కన కట్టిన ఫ్లెక్సీలో ఆయన నీలం కోటు వేసుకుని ఉన్నారు. ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. ఎవరి కోటో కంప్యూటర్లో తెచ్చి మెడకింద అతికించారు. మెడ ఒకవైపు చూస్తోంది, కోటు ఇంకోవైపు చూస్తోంది. వెనకాల మంచుకొండలు, పైన రెండు పావురాలు. కింద ఆ ఫ్లెక్సీ కట్టించినవారి ఫొటోలు వరసగా ఉన్నాయి. అవి ఆయన ఫొటోకంటే కొంచెం పెద్దవి. నలభై ఏళ్ళకు పైగా నర్సీపట్నంలో మనుషుల మొహాలు తీసిన మనిషికి చివరికి దక్కిన మొహం అది.

నేను నిలబడి చూస్తుంటే ఒక ఆటో ఆగింది.

"మాస్టారండి బాబుగారూ," అన్నాడు ఆటో అతను. "నిన్న పొద్దున్న టీ తాగతా తాగతా ఒరిగిపోనారంట. తవరికి తెల్దేటి?"

"తెలుసు," అన్నాను. నాకు తెలియదు. కానీ ఏ సంగతైనా ఆటో అతని ద్వారా తెలుసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

ఫ్లెక్సీ మీద ఒక పేరు రాసి ఉంది. అది ఆయన పేరేనని ఒప్పుకోవడానికి నాకు కాసేపు పట్టింది. ఊళ్ళో అందరూ మాస్టారనేవారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఆ పేరుతో ఆయనకి పని పడటం నేనెప్పుడూ చూడలేదు కనుక ఇక్కడా రాయను.

నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. గొలుగొండ వైపు ఒకప్పుడు మాకు ఊళ్ళుండేవి. తరువాత పొలాలుండేవి. తరువాత ఒక ఇల్లుండేది. ఆ ఇల్లు ఇప్పుడు కల్యాణమండపం. దాని వెనక, మా గుమాస్తాలు కూర్చుని పనిచేసిన రెండు గదుల్లో నేనూ మా అమ్మగారూ ఉంటున్నాం. నాకు పెళ్ళి కాలేదు. మా నాన్నగారు ఉన్నన్నాళ్ళూ మా స్థాయికి తగిన సంబంధం రాలేదు. ఆయన పోయాక మా స్థాయికి తగిన సంబంధాలు చాలా వచ్చాయి, అందుకని నేనే ఒప్పుకోలేదు. గుడికి కూడా వెళ్ళను. మా నాన్నగారికి తలకి పట్టుబట్ట చుట్టి మొదటి తీర్థం ఇచ్చిన చోట వరసలో నిలబడి దొన్నెలో పులిహోర పెట్టించుకోవడం నాకు చేతకాదు. దేవుడి మీద నాకే ఫిర్యాదూ లేదు. మర్యాద విషయం, అంతే.

మాస్టారి స్టూడియో మేడ మీద. మెట్లెక్కగానే ముందు గది. గోడ నిండా పుస్తకాలు. అవి అద్దెకిచ్చేవారు. వెనక గదిలో కెమెరా. ఆ రోజుల్లో ఫొటో కాగితం వెలుతురు తగలకుండా మందపాటి నల్లకాగితంలో చుట్టి వచ్చేది. ఆ నల్లకాగితాలు పారెయ్యకుండా ఆయన ప్రతి పుస్తకానికీ అట్టలు వేసేవారు. పైన పేరుండదు, బొమ్మ ఉండదు. వీపు మీద తెల్ల ఇంకుతో ఒక అంకె ఉంటుంది. హత్య జరిగిన పుస్తకమూ వేదాంతం పుస్తకమూ ఒకే వేషంలో పక్కపక్కన నిలబడి ఉండేవి.

"ఏది ఏదో ఎలా తెలుస్తుందయ్యా?" అని మా నాన్నగారు ఒకసారి అడిగారు.

"తెరిస్తే తెలుస్తాదండి," అన్నారాయన.

ఫొటోకి కూర్చున్నవాళ్ళని నవ్వమని ఆయన ఎన్నడూ అడగలేదు. "నవ్వమంటే పళ్ళొస్తాయండి, మనిషి రాడు," అనేవారు. అందరినీ కూర్చోబెట్టి, దీపాలు సరిచేసి, కెమెరా పక్కన నిలబడి, అలమరలోంచి చేతికందిన పుస్తకం తెరిచి పైకి చదివేవారు. ఎడమచేతిలో పుస్తకం, కుడిచేతిలో కెమెరాకి తగిలించిన వైరు, దాని చివర మీట. మొదటి పేజీకి కూర్చున్నవాళ్ళు తమ చొక్కా గురించి ఆలోచిస్తూ ఉంటారు. రెండో పేజీకి ఇతనికేమైనా పిచ్చా అని ఆలోచిస్తారు. మూడో పేజీకి కథలో పడతారు. అప్పుడు మీట నొక్కేవారు. నొక్కగానే పుస్తకం మూసేసేవారు.

"మరి ఆవిడ నూతిలో దూకీసిందా మాస్టారూ?" అని రావికమతం నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు అడగడం నేను విన్నాను.

"ముందు గదిలో అద్దెకిస్తానమ్మా," అన్నారాయన.

ఆయన తీసిన ఫొటోల్లో మనుషులు కొంచెం నోరు తెరిచి, కొంచెం పక్కకి ఒరిగి, తాము ఫొటోలో ఉన్న సంగతి మరిచిపోయి ఉంటారు. ఊళ్ళో చాలామందికి అవి నచ్చేవి. మాకు నచ్చేవి కావు. మా వంశంలో ఫొటోలో ఎవరూ ఒరగలేదు. వెన్ను నిటారుగా ఉండాలి, చేతులు మోకాళ్ళ మీద ఉండాలి, చూపు నేరుగా ఉండాలి. మా తాతగారి ఫొటో చూసి ఒక బ్యాంకు మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అయినా ఊళ్ళో పెద్ద దీపాలున్నది ఆయన దగ్గరే కనుక ఒకసారి అందరం వెళ్ళాం. అమ్మా నాన్నగారూ కుర్చీల్లో, వెనక కుడివైపు నేను, ఎడమవైపు మా అక్క. నాకు ఇరవై ఒకటి, అక్కకి ఇరవై నాలుగు. ఆయన చెప్పులు గది బయట విడిచి లోపలికొచ్చారు. మా ఎదుట చెప్పులు విడిచేవాళ్ళు అప్పటికే బాగా తగ్గిపోయారు. ఇంటికొస్తూ నాన్నగారు, "మర్యాద తెలిసినవాడు," అన్నారు. బయటివాళ్ళని ఆయన అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం నేను వినలేదు. ఆ రోజు మాస్టారు ఏదో చదివారు. నాన్నగారు విననని ముందే నిర్ణయించుకుని కూర్చున్నారు. నేనూ అంతే. విన్నది మా అక్క ఒక్కతే. ఆమె అప్పటికే ఆయన దగ్గర వారానికి రెండు పుస్తకాలు అద్దెకి తెచ్చుకునేది.

ఆ మరుసటి ఏడు అక్క హైస్కూల్లో సైన్సు చెప్పే ఆయన్ని పెళ్ళి చేసుకుని రాజమండ్రి వెళ్ళిపోయింది. ఆయన మా కులం కాదు. నాన్నగారు అరవలేదు. ఆమె ఈ గడప తొక్కకూడదని ఒక్కమాట అన్నారు. తరువాత గోడ మీది ఫొటో దింపించి నా చేతికిచ్చి, "దీంట్లోంచి దాన్ని తీసెయ్యమను," అన్నారు.

నేను పట్టుకెళ్ళాను. మాస్టారు చాలాసేపు చూశారు.

"తీసీగలనండి," అన్నారు. "తీసీస్తే అక్కడ గోడ మిగులుతాది. మనిషంత కాళీ. పెద్దబాబుగారు ఇంకేటీ సూడరు, రోజూ దాన్నే సూస్తా ఉంటారు. అక్కడేదో ఒకటి పెట్టాలండి."

ఇంటికెళ్ళి అడిగాను. మనిషి కాకుండా ఏదైనా పెట్టమన్నారు నాన్నగారు. నెగెటివ్ కాల్చెయ్యమని కూడా చెప్పమన్నారు.

ఇరవై రోజులకి ఫొటో వచ్చింది. అక్క నిలబడ్డ చోట పొడుగాటి స్టాండు మీద ఒక పూలకుండీ, దాని నిండా చామంతులు. సన్నటి కుంచెతో ఒక్కొక్క రేకే వేశారు. పూలు సరిగ్గా అక్క తల ఉన్న ఎత్తులో ఉన్నాయి. మా ఇంట్లో అలాంటి స్టాండు ఎన్నడూ లేదు, చామంతులు ఆ ఎత్తున ఎన్నడూ పెరగలేదు. అయినా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ కుండీని మెచ్చుకున్నారు. ఒక తహసీల్దారు భార్య విత్తనాలు అడిగింది. అమ్మ వారానికోసారి ఆ ఫొటో అద్దం తుడిచేది. పూలకుండీ ఉన్నవైపు మాత్రమే తళతళలాడేది. మిగతా వైపు చెయ్యి అందక వదిలేస్తోందనుకున్నాను.

నెగెటివ్ కాల్చేశానని మాస్టారు నాతో చెప్పారు. ఆయన అబద్ధమాడటం నేనెరిగినంతలో అదొక్కసారే.

తరువాత చాలా ఏళ్ళు నేను ఆ మెట్లెక్కలేదు. నాన్నగారు పోయారు. ఇల్లు పోయింది. ఏదో దరఖాస్తుకి ఫొటో కావలసి వెళితే లోపల ఎవరో ఉన్నారు, నేను బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. తలుపు తీసే ఉంది. మన్యం నుంచి సంతకి దిగినవాళ్ళు, మొగుడూ పెళ్ళాం, ఒళ్ళో చంటిపిల్ల. కాళ్ళ దగ్గర అడ్డాకుల కట్టలు. మాస్టారు వాళ్ళ ఎదుట వట్టి కాళ్ళతో నిలబడి చదువుతున్నారు. ఆయన చెప్పులు నా బెంచీ పక్కనే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. "వీళ్ళ ముందు కూడా విడుస్తావా?"

ఆయనకి మొదట అర్థం కాలేదు. చెప్పుల వైపు చూపించాను.

"అదా అండి," అన్నారు. "గుళ్ళోకెల్తే దేముడు ఎక్కడున్నాడో తెలుస్తాదండి. ఎదరే ఉంతాడు. ఇక్కడ ఎవుల మొకంలో ఒస్తాడో ముందుగా తెల్దు కదా. ఒచ్చినాక ఇప్పుకుంటే ఆలీసం అయిపోద్ది. అందుకని ముందే ఇప్పేస్తాను."

"మా నాన్నగారి ముందు కూడా అందుకేనా?" అన్నాను.

"ఆ రోజు కూడా ఎతికేనండి."

"కనపడ్డాడా?"

"అమ్మాయిగారి దగ్గర కనపడ్డాడండి," అన్నారు దీపం తిప్పుకుంటూ. "పెద్దబాబుగారు ఆ రోజు కాలరు బాగా బిగించీసేరు."

ఇంకొకరైతే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవారు. నాకు ఫొటో సాయంత్రంలోపు కావాలి. కూర్చున్నాను. ఆయన ఏదో చదివారు. నేను వినలేదు. ఆ ఫొటోలో నేను విననట్టే ఉన్నాను.

ఇక అమ్మ సంగతి. అక్క వెళ్ళిన ఏడు నుంచీ అమ్మ మాస్టారి దగ్గర పుస్తకాలు అద్దెకి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నెలకొకటి. బలిఘట్టం వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, వస్తూ స్టూడియోలో పుస్తకం మార్చుకుని వచ్చేది. అమ్మకి చదువు అంతంత మాత్రం. ఆ పుస్తకాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టి, పొద్దున్నే దీపం వెలిగించాక దానికి దణ్ణం పెట్టుకుని, నెమ్మదిగా తెరిచి, పెదవులు కదుపుతూ చదువుకునేది. నల్ల అట్ట, పేరు లేదు, గూట్లో ఉంది. స్తోత్రాలనుకున్నాం. నాన్నగారు కూడా అలాగే అనుకున్నారు. "పోనీలే, దాని ధ్యాస అటు మళ్ళింది," అన్నారు. ఏడాదికోసారి అమ్మ అక్కడ చిన్న ఫొటో కూడా తీయించుకునేది. రేషన్ కార్డుకి, పింఛనుకి, బ్యాంకుకి అనేది. ఇన్ని ఫొటోలు ఏ బ్యాంకు అడుగుతుందని నేను ఆలోచించలేదు. మా ఇంట్లో ఆడవాళ్ళ లెక్కలు మగవాళ్ళు అడగరు.

రెండేళ్ళ కిందట అమ్మ కళ్ళకి పొర వచ్చింది. ఆపరేషన్ అయినా అక్షరాలు అలుక్కుపోతున్నాయంది. ఒకరోజు మధ్యాహ్నం పిలిచి, "గూట్లో పుస్తకం తీసి నాలుగు ముక్కలు చదివి పెట్టు నాన్నా," అంది. కాళ్ళు కడుక్కుని వచ్చి, తూర్పుకి తిరిగి కూర్చుని తెరిచాను. మొదటి వాక్యంలో ఒక దొంగ పెరటిగోడ దూకుతున్నాడు.

"అమ్మా, ఇదేమిటి?"

"వాడు మంచివాడే. ముందుకి చదువు," అంది అమ్మ.

పేజీ తిప్పితే ఫొటోలు జారి ఒళ్ళో పడ్డాయి. ఒక ఆవిడ, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, పక్కన ఎదిగిన కూతురు. అదే ఆవిడ ఇంకొంచెం చిన్న వయసులో, పసిపిల్లతో. అన్నిటికంటే అడుగున మా గ్రూపు ఫొటో, పోస్టుకార్డంత. అందులో ఎడమవైపు పూలకుండీ లేదు. అక్క నిలబడి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, ఎవరో చెబుతున్నది వింటూ.

అమ్మ నా వైపు చూడలేదు. "ఇన్నాళ్ళూ చదువుకోవడమూ నేనే, చూసుకోవడమూ నేనే," అంది. "ఇప్పుడు రెండూ పోయాయి. అందుకని నిన్నడిగాను."

ఆ సాయంత్రమే మెట్లెక్కాను. మాస్టారు బాగా ముసలివారైపోయారు. ఫోన్లొచ్చాక ఫొటోలకొచ్చేవాళ్ళు లేరు, పుస్తకాలకొచ్చేవాళ్ళు అంతకుముందే లేరు. ఆయన పాత అట్టలు చిరిగినచోట జిగురు రాసుకుంటున్నారు.

"ఎన్నాళ్ళనుంచి జరుగుతోందిది?" అన్నాను.

"ఏదండి?"

"మా అమ్మగారికీ రాజమండ్రికీ మధ్య."

"ముప్పై నాలుగేళ్ళండి," అన్నారు. ఏమీ దాచలేదు. "అమ్మాయిగారు అక్కడికెల్లినాక కూడా పుస్తకాలు కావాలని ఉత్తరం రాసేరు. పోస్టులో పంపేను. ఆవిడ చదివి తిప్పి పంపీవోరు. పుస్తకం ఎల్తాది, పుస్తకం ఒస్తాది. లోపల ఎవులేటి పెట్టుకుంతారో నాను సూడను."

"ఆ ఫొటోలు తీసింది నువ్వు."

"అమ్మగారివి నానే తీసేను. అవి సూసేను."

"మా ఇంటి విషయంలో నువ్వు కలగజేసుకోకూడదు."

"అద్దె పుస్తకాలివ్వడం నా యాపారం బాబుగారూ. పోస్టులో ఇవ్వకూడదని ఎక్కడా లేదు." జిగురు డబ్బా మూత పెట్టారు. "అమ్మగారు ఒక ఫొటో అడుగుతున్నారండి. ఆవిడ పోయినాక పెట్టుకోడానికి. ఒక్కరిదే తీస్తానంటే వద్దన్నారు. పిల్లలిద్దరితోనూ తీమన్నారు. అది మాత్రం పోస్టులో అవ్వదు కదండి."

అమ్మకి అప్పుడు ఎనభై రెండు. నేను మూడు రోజులు ఆలోచించి షరతు చెప్పాను. ఫొటో స్టూడియోలోనే జరగాలి. అక్క ఇంటికి రాకూడదు. మా నాన్నగారి మాట మా నాన్నగారి మాటే. ఆయన చెప్పిన గడప ఇప్పుడు కల్యాణమండపానిది. దాని మీదుగా రోజుకి మూడు వందలమంది చెప్పులతో నడుస్తారు. మేముంటున్న గదులకి సిమెంటు గడప నేను వేయించాను, నాన్నగారు పోయాక. ఆయన మాట ఏ గడపకి వర్తిస్తుందో నేను ఎవరినీ అడగలేదు.

అమ్మ షరతు విని, "సరే, మీ నాన్న పోలేదన్నమాట," అంది.

ఆ రోజు నేను నాన్నగారి కోటు ఇస్త్రీ చేయించి వేసుకున్నాను. అక్క మాకంటే ముందే వచ్చి ముందు గదిలో పుస్తకాల దగ్గర నిలబడి ఉంది. అమ్మ ఆమె మొహం రెండు చేతులతో తడిమి చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆ సమయంలో పుస్తకాల వీపుల మీద అంకెలు చదివాను. ముప్పై నాలుగేళ్ళ తరువాత ముందు ఎవరు మాట్లాడాలన్న దానికి మా ఇంట్లో పద్ధతేదీ లేదు.

మాస్టారు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. అమ్మని మధ్యలో కూర్చోబెట్టారు, మమ్మల్ని చెరో పక్కా స్టూళ్ళ మీద. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ఆయన పుస్తకం తెరిచి దీపం దగ్గరికి పట్టుకున్నారు. వెనక్కి పట్టుకున్నారు. మళ్ళీ దగ్గరికి పట్టుకున్నారు.

"అచ్చరాలు ఆనటం లేదండి," అన్నారు. "తవరు సదవండి బాబుగారూ."

"నేను పైకి చదవను."

"నాకు చదువుతున్నావు కదా రోజూ," అంది అమ్మ. "బేగి కానీ. దీపాలు వేడిగా ఉన్నాయి."

పుస్తకం పుచ్చుకున్నాను. తెరిచిన చోట ఒక పెళ్ళివారి బండి ఏట్లో దిగబడిపోయింది. వియ్యంకులిద్దరూ అందులోనే ఉన్నారు. ముందు ఎవరు దిగితే వాళ్ళకి చిన్నతనం. ఆడపెళ్ళివారాయన మగపెళ్ళివారాయన్ని దయచెయ్యమంటారు, ఆయన మీరే దయచెయ్యండంటారు. నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి. ఇద్దరూ పంచెలు మోకాళ్ళ పైకి తీసుకుని మర్యాదలు చేసుకుంటున్నారు. ఎద్దులు తాళ్ళు తెంపుకుని గట్టెక్కి గడ్డి మేస్తున్నాయి.

అక్కడ మా అక్క నవ్వింది.

నేను చదవడం ఆపాను. "ఇందులో నవ్వడానికేముంది?" అన్నాను పుస్తకంలోకే చూస్తూ. "మగపెళ్ళివారాయన చెప్పింది సబబుగానే ఉంది. ముందు దిగవలసింది ఆడపెళ్ళివారే."

"ఏటి సబబు?" అంది అక్క. "బండి ఎవరిదిరా?"

"బండి ఎవరిదైనా."

"బండి మగపెళ్ళివారిదని పైన ఉంటాది, నువ్వు దాటేశావు. వాళ్ళ బండిలో ఎక్కించుకున్నాక వాళ్ళే కదా దిగి చెయ్యందించాలి."

"ఎక్కడుంది?"

"ఇలా తే," అని అమ్మ ఒడి మీదుగా వంగి పేజీ వెనక్కి తిప్పింది. నేనూ వంగి వెతికాను. "అదిగో," అంది వేలుపెట్టి. ఉంది. "ఉన్నంతమాత్రాన—" అని నేను మొదలుపెట్టాను. అమ్మ మా ఇద్దరి తలల మధ్యనుంచి, "ఆ ఎద్దులకున్న బుద్ధి..." అని పూర్తి చెయ్యకుండా నవ్వసాగింది.

మీట నొక్కిన చప్పుడు ఎవరమూ వినలేదు. దీపాలు ఆరిపోతే తెలిసింది.

వారానికి ఫొటో తీసుకోవడానికి వెళ్ళాను. మా వంశంలో మొదటిసారిగా ఒకడు ఫొటోలో వెన్ను వంచి ఉన్నాడు. నాన్నగారి కోటు వీపు దగ్గర ఉబ్బి ఉంది. అక్క మొహం సగమే కనిపిస్తోంది. అమ్మ మా ఇద్దరి వైపూ చూస్తోంది.

"ఇది చెడిపోయింది," అన్నాను. "ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు."

"సూడలేదండి," అన్నారు మాస్టారు. ఆయన ఆ ఫొటోని రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చారు. "అందుకే బాగా ఒచ్చింది."

"ఇంకొకటి తీశావా?"

"లేదండి. ఒకటి కనబడ్డాక రెండోది ఎందుకు?"

నేను చూసినది ఒక చెడిపోయిన ఫొటో. అయినా దాన్ని కవరులో పెట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మెట్ల మీద ఆగి మళ్ళీ తీసి చూశాను. అమ్మ మొహం అలా ఉంటుందని నాకు యాభై ఆరేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత అమ్మా అక్కా నెలకొకసారి స్టూడియోలో కలుసుకోవడం మొదలుపెట్టారు. అమ్మని నేనే ఆటోలో తీసుకెళ్ళి మెట్లెక్కించేవాణ్ణి. నేను ముందు గదిలో కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చోలేక ఏదో పుస్తకం తెరిచేవాణ్ణి. రెండు గంటలయ్యాక అక్క బస్సుకి వెళ్ళేది, మేము ఇంటికి వచ్చేవాళ్ళం. ఆటోలో అమ్మ నాతో మాట్లాడేది కాదు. ఇంటికొచ్చాక సాయంత్రం పుస్తకం చదివే వేళకి మాట్లాడేది. ఏడాదిన్నర ఇలా నడిచింది. మాస్టారు మా గురించి ఒక్కమాట అనలేదు. వాళ్ళకి టీ తెప్పించి, వెనకగది తలుపు దగ్గరగా వేసి, వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చునేవారు. లోపలినుంచి నవ్వులు వినిపిస్తే ఆయన కుడిచెయ్యి బొటనవేలు దానంతటదే కదిలేది, మీట నొక్కుతున్నట్టు.

ఫ్లెక్సీ చూసి నేను ఇంటికొచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. ఎల్లుండి అక్కని కలుసుకోవలసిన రోజు. కట్టుకోవలసిన చీర అప్పుడే తీసి కుర్చీ మీద వేసుకుంది. మాస్టారి వెనక స్టూడియో నడిపేవాళ్ళెవరూ లేరు. మెట్ల తలుపుకి తాళం పడటం నేను చూసే వచ్చాను.

అమ్మ కళ్ళజోడు పెట్టెలో ఒక కాగితం మీద అక్క నంబరుంది. అది అక్కడుందని నాకు తెలుసు, ఎప్పుడూ ముట్టుకోలేదు. తీసి ఫోన్ చేశాను.

"ఎవరండీ?"

"నేను."

"అమ్మకేటైంది?" అంది వెంటనే.

"అమ్మ బాగానే ఉంది. పడుకుంది. మాస్టారు పోయారు. నిన్న."

ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"అమ్మకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే నోటీసు చదివినట్టుంటాది. నేనొచ్చి చెప్తాను." ఆగింది. "కానీ ఎక్కడికి రాను? మేడకి తాళం వేసేసుంటారు కదా. పోనీ కింద టీకొట్టు దగ్గరికి తీసుకొస్తావేటి? బల్ల ఉంది అక్కడ."

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే అడుగుతోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఆ బల్ల మీద ఎంతసేపు కూర్చోగలదని నేను కూడా ఒక్క నిమిషం నిజంగానే ఆలోచించాను.

"ఇంటికి రా," అన్నాను.

"ఏటన్నావు?"

"ఇంటికి రమ్మన్నాను. పెద్ద గేటులోంచి రాకు, ఎల్లుండి అక్కడ పెళ్ళి ఉంది. వెనకవైపు నుంచి రావాలి. ఆ దారి నీకు తెలియదు. నువ్వు బస్సు దిగి ఫోన్ చెయ్యి. నేను మలుపులో నిలబడతాను."